డ్రయ్యర్ తిరగట్లేదా? మెకానిక్‌కు ఫోన్ చేసే ముందు...

ఎండకాలంలో భువనగిరిలో డ్రయ్యర్ పాడైనా ఎవరికీ పట్టదు. మిద్దె మీద దండేనికి ఆరేస్తే ఒక్క పూటలో బొంత కూడా ఎండుతుంది. ముసురు పట్టి నాలుగు రోజులు సూర్యుడు కనపడనప్పుడే దాని విలువ తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే అది మొరాయిస్తుంది.

ఇక్కడ డ్రయ్యర్ అంటే చాలా ఇళ్లలో సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్‌లో పక్కనుండే చిన్న టబ్బే. అందులో హీటర్ ఉండదు. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగి నీళ్లను విసిరికొడుతుంది, అంతే. దానికి వేరే మోటరు, వేరే టైమర్ ఉంటాయి. తిరగకపోతే చాలామంది మోటరు కాలిందనే అనుకుంటారు. మోటరు దాకా పోకముందే చూడాల్సినవి చాలా ఉన్నాయి.

ముందు చెవి పెట్టి వినండి. బట్టలన్నీ తీసేసి, మూత మూసి, డ్రయ్యర్ టైమర్ తిప్పండి. అసలు చప్పుడే లేదా? గుయ్‌మని మూలుగుతూ కదలకుండా ఉందా? ఖాళీగా ఉంటే బాగానే తిరిగి, బట్టలు వేస్తే మాత్రం దడదడలాడి ఆగుతోందా? మూడూ మూడు వేరే రోగాలు. టైమర్ టిక్‌టిక్‌మంటోంది కాబట్టి కరెంటు వస్తోందని మాత్రం అనుకోకండి. చేత్తో తిప్పే టైమర్లలో ఆ చప్పుడు స్ప్రింగుది. ప్లగ్గు పీకేసినా వస్తుంది.

చప్పుడే లేకపోతే ఉతికే వైపు తిప్పి చూడండి. అదీ తిరగకపోతే తేడా సాకెట్‌లోనో, ప్లగ్గులోనో, వైరులోనో ఉన్నట్టు. అదే సాకెట్‌లో ఇస్త్రీపెట్టె పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతుంటే దాన్ని తీసేసి నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి.

ఉతికే వైపు బాగుండి డ్రయ్యర్ ఒక్కటే మూగబోతే అనుమానం మూత మీదికి పోవాలి. మూత పూర్తిగా పడితేనే లోపలి స్విచ్ కలుస్తుంది. మూత మూలన ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిగినా, మూత కాస్త వంకరపోయినా కరెంటు ముందుకు పోదు. మూతను చేత్తో గట్టిగా అదిమి చూడండి, తిరిగిందంటే దొంగ దొరికినట్టే. కొందరు ఈ స్విచ్ వైర్లు రెండూ కలిపేసి ‘అయిపోయింది’ అంటారు. ఒప్పుకోవద్దు. అలా చేస్తే మూత తీసినా టబ్బు తిరుగుతూనే ఉంటుంది. పిల్లల చెయ్యో, చున్నీ కొంగో పడితే చెప్పలేం.

మూత కూడా బాగుంటే ఎలుకలను అనుమానించండి. అడుగున జాలి లేని మెషిన్ వాటికి సొంతిల్లు. ప్లగ్గు తీసి, మెషిన్‌ను ముందుకు జరిపి, టార్చ్ వేసి చూడండి. కొరికిన వైరు ముక్కలు, పెంటికలు కనపడితే ఇక వెతకక్కర్లేదు.

ఇక గుయ్‌మనే రోగం. చప్పుడు వినగానే టైమర్ సున్నాకు తిప్పేయండి. తిరగని మోటరుకు కరెంటు ఇస్తూ పోతే అది నిజంగానే కాలుతుంది. ఒకసారి ఫ్యాను వైపు చూడండి. అదీ నీరసంగా తిరుగుతుంటే వోల్టేజీ తక్కువైనట్టు, మెషిన్ తప్పు కాదు. 230 వోల్టులు రావాల్సిన చోట బాగా తగ్గితే మోటరుకు లేచే బలముండదు. వీధంతా అలాగే ఉంటే 1912కు ఫోన్ చేసి చెప్పండి.

వోల్టేజీ బాగుంటే ప్లగ్గు తీసి టబ్బులోకి చూడండి. చేతిరుమాలో, సాక్సో జారి టబ్బుకూ గోడకూ మధ్య ఇరుక్కుంటుంది. ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. మూత తీసి టబ్బును చేత్తో తిప్పబోతే బిగుసుకుని ఉంటుంది, జామ్ అయిందనుకుంటారు. మూత తీయగానే బ్రేకు పడుతుంది, అది దాని గుణం. నిజం తెలియాలంటే ప్లగ్గు తీసే ఉంచి, వెనక రేకు విప్పి, మూత మూసి, టబ్బు కింద మోటరుకు పైనున్న గుండ్రటి బ్రేకు డ్రమ్మును చేత్తో తిప్పాలి. సాఫీగా తిరిగితే బ్రేకు బాగున్నట్టు. పట్టేసి ఉంటే బ్రేకు వైరు వదులైనట్టు, లేదా తుప్పు పట్టినట్టు. ఉప్పునీళ్ల బోర్లున్న వీధుల్లో, పైనున్న రబ్బరు సీలు కారుతుంటే ఈ తుప్పు మరీ తొందరగా వస్తుంది.

డ్రమ్ము సాఫీగా తిరిగి, కరెంటు ఇస్తే మాత్రం మూలుగుతుంటే కెపాసిటర్ పోయి ఉండొచ్చు. అది చవక సామానే, కానీ మీరు ముట్టుకోవద్దు. ప్లగ్గు తీసినా దానిలో కరెంటు నిలవ ఉంటుంది. మార్పించేటప్పుడు పాతదాని మీదున్న అంకెలే కొత్తదాని మీదా ఉన్నాయో లేదో చూడండి. చాలా మెషిన్లలో ఉతికే మోటరుకు, డ్రయ్యర్‌కు కలిపి ఒకటే కెపాసిటర్ ఉంటుంది. అందుకే దాని మీద 10+5 లాగా రెండు అంకెలుంటాయి.

మూడోది, దడదడ. ఇది చాలాసార్లు రోగమే కాదు. తడిసిన పోచంపల్లి దుప్పటి ఒక్కటే వేస్తే బరువంతా ఒకవైపే పడుతుంది. ఎదురుగా రెండు తువ్వాలలు పెట్టి, పైన ప్లాస్టిక్ మూత అదిమి మళ్లీ వేయండి. డ్రైన్ పైపు కూడా చూడండి. దాన్ని పైకి తగిలించి ఉంచితే టబ్బు కింద నీళ్లు నిలిచి అడ్డుపడతాయి.

కాలిన వాసన వచ్చినా, ముట్టుకుంటే జిల్లుమన్నా, ఎంసీబీ పడిపోయినా ఇవేవీ చేయొద్దు. మెయిన్ ఆపి మెకానిక్‌ను పిలవండి. ‘డ్రయ్యర్ పని చేయట్లేదు’ అని మాత్రం అనకండి. ‘ఉతికే వైపు తిరుగుతోంది, ఇటు గుయ్‌మంటోంది, డ్రమ్ము సాఫీగా ఉంది’ అనండి. సామాను వెంట తెచ్చుకుంటాడు, రెండోసారి రావక్కర్లేదు. వెనక రేకు ఎలాగూ విప్పుతాడు కాబట్టి అడుగున జాలి కూడా బిగించి పొమ్మనండి.