రంగుల్లో ఉండే సీసం

కుంచె మొన సన్నగా రావాలని నోట్లో పెట్టి చప్పరించడం మన హాస్టల్లో చాలామందికి అలవాటే. గీత చక్కగా వస్తుంది, నిజమే. కానీ ఆ రంగులో ఏముందో తెలుసుకోవాలి కదా.

పూర్వం చిత్రకారులు ఎరుపు కోసం ఇంగిలీకం నూరేవారు. అందులో పాదరసం ఉంటుంది. పసుపుపచ్చకు వాడే హరిదళంలో ఆర్సెనిక్ ఉంటుంది. అసలు సింధూరం అయితే సీసంతో చేసిందే. నూరేటప్పుడు లేచే దుమ్ము ముక్కులోకి పోతుంది, చేతికి అంటింది అన్నంతో కడుపులోకి పోతుంది. రంగులు వేసేవాళ్ల జబ్బుల గురించి ఇటలీ డాక్టరు రామజ్జినీ 1700లోనే పుస్తకంలో రాశాడు. లెడ్ క్రోమేట్ అని ఒక మెరిసే పసుపు రంగు ఉంది, అదీ సీసమే.

సీసం ఒంట్లోకి పోతే శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. రక్తం తగ్గుతుంది, కడుపునొప్పి వస్తుంది, చదువు తలకెక్కదు. కడుపుతో ఉన్న తల్లి నుంచి బిడ్డకు కూడా పోతుంది. పెద్దవాళ్లకంటే చిన్నపిల్లల ఒంటికి 4, 5 రెట్లు ఎక్కువ పడుతుందట. ఐరన్ తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. ఐరన్ మాత్రలు కిటికీలోంచి పారేసేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవండి!

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్కబొమ్మలు చేస్తారు. మధ్యలో వాటికి రసాయన రంగులు వచ్చాయి. పసిపిల్లలు బొమ్మను ముందు నోట్లోనే పెడతారు. అందుకని సి.వి. రాజు గారు అక్కడి పనివాళ్లతో కలిసి మళ్లీ చెట్ల రంగులు తెచ్చారు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లాంటివి. ఆయనకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మా కొండల్లో మోదుగపూలు ఉడకబెట్టి రంగు తీస్తారు అంటే నవ్వినవాళ్లు ఇక నవ్వకండి.

ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటకూడదని 2017 నవంబరు 1 నుంచి రూలు ఉంది. ఆ మాట డబ్బా మీద అచ్చు వేయాలి. పెనుగొండ బజారులో రంగు కొనేటప్పుడు చూసి కొనాలి. అంతకుముందు వేసిన రంగుల సంగతి వేరు. మన పాత ఇనప మంచాల రంగు పెచ్చులుగా ఊడుతోంది. వార్డెన్ అమ్మగారికి మనవి: సెలవుల్లో కొత్త రంగు వేయించేటప్పుడు పాతది పొడిగా గీకించకుండా నీళ్లతో తడిపి రుద్దించండి. 6వ తరగతి చెల్లెళ్ల గది ముందు చేయించండి. రాలిన పెచ్చులు చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతో తీయాలి. ఆ పని పెద్దవాళ్లే చేయాలి.

— 9వ తరగతి విద్యార్థిని