పెండ్లి కానుక – చేతిపని – చదివింపుల పట్టీ
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

పల్నాటి గ్రామములలో పెండ్లి ఒక్క యింటివారి పని కాదు, ఊరివారి పని. పందిరి గుంజ పాతుట మొదలు అప్పగింతల వరకు ఇరుగుపొరుగువారి చేయి పడని పని యుండదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పల్నాడు జిల్లాలో క్రోసూరు ఒక మండల కేంద్రము. దాని చుట్టునున్న నల్లరేగడి భూములలో ప్రత్తి, మిరప ముఖ్యమైన పంటలు. మాఘ ఫాల్గుణములలో ముహూర్తములు దట్టముగా వచ్చును. మిరపకోతలును ఆ కాలముననే సాగుచుండును. పంటసొమ్ము ఇంకను చేతికందని రైతుకు, దినకూలిపై బ్రతుకు కుటుంబమునకు వారమున రెండు శుభలేఖలు వచ్చినచో సంతోషముతోపాటు ఒక చింతయు కలుగును: “ఏమి చదివింపవలెను?”

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించినను దీనిలో ఇంటి మర్యాద, ఊరి ఐకమత్యము, ఆడపిల్ల హక్కు అను మూడు విషయములు ఇమిడియున్నవి. కనుక పంచాయతీ సభ్యులు దీనిని తమకు సంబంధింపని ముచ్చటగా భావింపరాదు.

1. చదివింపు అనగా నేమి?

పెండ్లికి వచ్చిన బంధుమిత్రులు తెచ్చిన కానుకను ఒక పుస్తకములో వ్రాసి, ఇచ్చినవారి పేరును, ఊరును, కానుకను పదిమంది వినునట్లు చదువుట మన ఆచారము. అందువలననే దానికి చదివింపు అను పేరు వచ్చినది. ఇది మూలమున మంచి ఏర్పాటు. పెండ్లి చేయువానికి ఒక్కసారిగా పెద్ద ఖర్చు వచ్చిపడును. ఊరివారందరు తలకొంచెము సాయము చేయుదురు. రేపు వారి యింట శుభకార్యము జరిగినప్పుడు ఇతడు పుస్తకము తిరుగవేసి ఆ సాయమును తీర్చును. వడ్డీ లేదు, ప్రోనోటు లేదు. అయినను బాకీ నిలిచిపోదు. పరస్పర సహాయమునకు ఇంతకంటె సులువైన పద్ధతి అరుదు.

అయితే కాలక్రమమున దీనికొక దోషము పట్టినది. మైకులో అంకెలు చదువుట మొదలైన తరువాత ఒకరి అంకెను మరియొకరి అంకెతో పోల్చుట కూడ మొదలైనది. తీసుకొన్నదానికంటె కొంత హెచ్చుగా తిరిగి యిచ్చుటయే మర్యాద యను భావము వ్యాపించినది. చేబదులు తెచ్చి చదివించువారు కొందరు. ఇచ్చుటకు లేక ఆ పూట పెండ్లికే రానివారు కొందరు. రెండవవారి వలన కలుగు నష్టమును మనము లెక్కింపము. పందిట్లో పనిచేయు రెండు చేతులు తగ్గినవి. ఊరిలో ఒక మనస్సు దూరమైనది.

నగదు సాయము పనికిరానిదని చెప్పుట ఈ పాఠము ఉద్దేశము కాదు. అది అక్కరకు వచ్చునదే. కాని అంకె ఒక్కటియే మర్యాదకు కొలమానము కారాదు. డబ్బు లేనివాడు సైతము తల యెత్తుకొని పందిట్లోనికి రాగల దారి యొకటి యుండవలెను. ఆ దారి చేతిపని కానుక.

2. ఇంట తయారగు కానుకలు

ఇది మనకు క్రొత్త విద్య కాదు. భద్రాచల సీతారామ కల్యాణమునకు గోదావరి జిల్లాల భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు సమర్పించుట అందరు ఎరిగినదే. ఆ బియ్యమునకు బజారులో విశేషమైన ధర యేమియు లేదు. ఒలిచిన వ్రేళ్ల ఓపికయే దాని విలువ. ఈ సూత్రమునే మన పెండ్లిండ్లకు అన్వయించుకొనవచ్చును.

అడ్డుతెర: జీలకఱ్ఱ బెల్లము పెట్టువరకు వధూవరుల నడుమ పట్టు తెర యిది. రెండు గజముల తెల్లని నూలుగుడ్డ చాలును. పెన్సిలుతో వధూవరుల పేర్లు, పెండ్లి తేదీ, ఊరి పేరు వ్రాసి కాడకుట్టుతో కుట్టి, అంచులకు పసుపు పూయవలెను. పసుపురంగు ఎండకు వెలిసిపోవును గనుక నీడన ఆరవేయుట మేలు. పెండ్లి అయిన పిమ్మట ఆ గుడ్డ ఇంటి గుర్తుగా పెట్టెలో నిలుచును.

బొంత: నెమ్మదియైన పాత నూలుచీరలను మరుగునీట ఉతికి, ఎండలో ఆరవేసి, మూడు నాలుగు పొరలుగా పరచి, ముందుగా నడిమినుండి అంచులకు పెద్ద టాకాలు వేసి, పిదప అంగుళమునకొక వరుస చొప్పున దగ్గర కుట్టు కుట్టవలెను. జరీ అంచును, గరుకైన పైటచెంగును కత్తిరించి తీసివేయవలెను. తల్లి చీర, అమ్మమ్మ చీర, మేనత్త చీర కలిసిన బొంత పెండ్లికూతురుతో అత్తవారింటికి వెళ్లును. తరువాత బారసాలకు ఉయ్యాలలోనికి చేరును. వంగదేశపు స్త్రీలు పాత చీరలతో కుట్టు కాంథాలు లోక ప్రసిద్ధములైనవి. అమెరికా పల్లెలలో సయితము పూర్వము ఇరుగుపొరుగు స్త్రీలు ఒకచోట కూర్చుండి ఇట్టి దుప్పట్లు కుట్టుచుండిరి.

సారె తినుబండారములు: అరిసెలు, సున్నుండలు, చలిమిడి మన సారెకు ప్రధానములు. సున్నుండలకు మినుములను కమ్మని వాసన వచ్చువరకు సన్నని సెగపై వేయించి, చల్లారిన తరువాత విసిరి, బెల్లము కోరును, కరిగించిన నెయ్యిని చేర్చి ఉండలు కట్టవలెను. తడి తగలనిచో అవి పదిదినములకు పైగా నిలువయుండును. పొరుగింటివారు తలా ఒక రకము చేసి తెచ్చినచో పెండ్లివారికి ఖర్చును, శ్రమయు తగ్గును. మన ప్రాంతపు గోంగూర పచ్చడి, మిరపకాయ కారముతో పెట్టిన ఆవకాయ జాడీ క్రొత్త కాపురమునకు తగిన కానుకలే.

పాటల పుస్తకము: నలుగు పాటలు, తలుపు దగ్గరి పాటలు, వియ్యాలవారి పాటలు, అప్పగింత పాటలు మన ముసలమ్మల నోట నున్నవి, పుస్తకములకెక్కనివి అనేకములు. బడికి పోవు పిల్ల ఒక నోటుపుస్తకము పట్టుకొని నాయనమ్మ ప్రక్కన కూర్చుండి నాలుగు సాయంకాలములు వ్రాసికొన్నచో పెండ్లికూతురుకు అమూల్యమైన కానుక సిద్ధమగును. దాని ఖరీదు ఒక నోటుపుస్తకము. వ్రాయకున్నచో ఊరికి కలుగు నష్టము చెప్పరానిది.

మొక్క: పెండ్లికి మామిడి అంటునో, నిమ్మ మొక్కనో, మల్లె తీగనో కుండీలో పెట్టి యిచ్చి, తొలకరి పదునులో నాటుమని చెప్పవలెను. ఆషాఢమున క్రొత్తకోడలు పుట్టింటికి వచ్చు ఆచారము కలదు గనుక, ఆ మొక్కను పెరటిలో ఆమె చేతనే నాటింపవచ్చును.

పురుషులు చేయదగినవి: కానుకలన్నియు స్త్రీలే తయారుచేయవలె ననుట న్యాయము కాదు. పగలంతయు మిరపకోతకు పోయి వచ్చిన ఇల్లాలిపై ఈ భారమును మోపినచో ఒక చింతకు బదులు మరియొక చింత తెచ్చినట్లగును. తాటాకు విసనకఱ్ఱలు అల్లుట, పీటలు చేయుట, నులక మంచము అల్లి యిచ్చుట, కొబ్బరి మట్టలతోను మామిడాకులతోను పందిరి అలంకరించుట పురుషులు చేయవలసిన పనులు. ఒక దినపు శ్రమను సైతము కానుకగా వ్రాయవచ్చును.

అలంకరణ విషయమున ఒక నిబంధన గుర్తుంచుకొనవలెను. అలంకరణకు వాడు థర్మోకోలు, ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, శుభలేఖలకును మిఠాయి పెట్టెలకును చుట్టు పలుచని ప్లాస్టిక్ పొర 2022 జూలై 1వ తేదీ నుండి దేశమంతటను నిషేధింపబడినవి. విస్తరాకు, మామిడి తోరణము, బంతిపూలు, గుడ్డతో కుట్టిన తాంబూలపు సంచి ఈ నిబంధనకు లోబడినవి. మన ఆచారమునకును తగినవి.

3. ప్రేమతో ఇచ్చినది, అడిగి పుచ్చుకొన్నది

కానుకకును కట్నమునకును భేదమును సభ్యులు స్పష్టముగా తెలిసికొనవలెను. వరకట్న నిషేధ చట్టము 1961లో వచ్చినది. కట్నము ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు నేరములే. వానికి అయిదేండ్లకు తక్కువ కాని జైలుశిక్షయు, పదునైదు వేల రూపాయలు గాని, కట్నపు విలువ గాని, ఏది హెచ్చయినచో అంతకు తక్కువ కాని జరిమానాయు చట్టము విధించుచున్నది. కట్నమును అడుగుట సైతము వేరుగా శిక్షార్హము. ముస్లిముల మహరు ఈ చట్టమున కట్నముగా లెక్కింపబడదు.

ఎవరును అడుగకుండ పెండ్లి సమయమున ఇచ్చిన కానుకలకు చట్టము అడ్డురాదు. అయితే వానిని పట్టీలో వ్రాయవలెను. పెండ్లికూతురు పక్షమువారు ఇచ్చునవి ఆచారమునకు అనుగుణముగా నుండి, ఇచ్చువాని స్తోమతకు మించకుండవలెను. “సారెలో ఇన్ని వందల సున్నుండలు, ఇన్ని బిందెలు ఉండితీరవలెను” అని మగపెండ్లివారు కోరినప్పుడు, తినుబండారమైనను అది ప్రేమ కానుక యనిపించుకొనదు. ఇంట చేసినదే కదాయని దీనిని ఉపేక్షింపరాదు.

పట్టీ వ్రాయు విధమును 1985 నాటి నియమములు తెలుపుచున్నవి. అవి ఆ సంవత్సరము అక్టోబరు 2వ తేదీ నుండి అమలులోనికి వచ్చినవి. వాని సారాంశమిది:

(అ) పెండ్లికూతురుకు వచ్చిన కానుకల పట్టీని పెండ్లికూతురును, పెండ్లికుమారునికి వచ్చినవాని పట్టీని పెండ్లికుమారుడును ఉంచుకొనవలెను.

(ఆ) పట్టీని పెండ్లి సమయముననే గాని, తరువాత వీలైనంత త్వరలో గాని వ్రాయవలెను.

(ఇ) ప్రతి కానుకకు క్లుప్తమైన వర్ణన, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, బంధువులైనచో బంధుత్వము వ్రాయవలెను.

(ఈ) ప్రతి పట్టీపై వధూవరులిద్దరును సంతకము చేయవలెను. సంతకము చేయలేనివారికి పట్టీని చదివి వినిపించి వ్రేలిముద్ర తీసికొనవలెను. చదివి వినిపించినవారు కూడ సంతకము చేయవలెను.

ఇచ్చట సభ్యులు ఒక విశేషమును గమనింపవలెను. మన చదివింపుల పుస్తకము ఈ పట్టీకి అతి సమీపమైనది. కొద్ది మార్పుతో దానిని చట్టమునకు సరిపోవునట్లు చేయవచ్చును. సాధారణముగా ఆ పుస్తకము పెండ్లి చేసిన తండ్రివద్ద నుండును. పట్టీ వధువు వద్ద నుండవలెను. మైకులో ఊరికి వినిపించుమని చట్టము చెప్పదు. అవసరమైనచో వధూవరులకు వినిపింపుమని మాత్రము చెప్పును. రేపు ఏదేని కష్టము వచ్చి, తన వస్తువులను తాను కోరవలసివచ్చిన ఆడుబిడ్డకు ఆ కాగితమే సాక్ష్యము. ఆమె పేర మరియొకరు కట్నము పుచ్చుకొన్నచో దానిని మూడు నెలలలోపల ఆమెకు అప్పగింపవలెనని కూడ 1961 చట్టము నిర్దేశించుచున్నది.

4. పట్టీ మాదిరి

చేతిపని కానుకలను సైతము వ్రాయుట ఎట్లో ఈ క్రింది మాదిరి వలన తెలియును.

1. కుట్టుపని చేసిన అడ్డుతెర, ఒకటి – ఉజ్జాయింపు విలువ 300 రూపాయలు – ఇచ్చినవారి పేరు – మేనత్త.
2. పాత చీరల బొంత, ఒకటి – 500 రూపాయలు – ఇచ్చినవారి పేరు – అమ్మమ్మ.
3. పాటల నోటుపుస్తకము, ఒకటి – 50 రూపాయలు – ఇచ్చినవారి పేరు – చెల్లెలు.
4. నగదు, 516 రూపాయలు – ఇచ్చినవారి పేరు – పొరుగువారు.

విలువ గడిలో అంకె చిన్నదైనను సిగ్గుపడవలసిన పని లేదు. అది లెక్క కొరకే గాని గౌరవము కొరకు కాదు.

5. పంచాయతీ చేయదగినవి

పెండ్లి వారి వారి సొంత విషయము. కనుక పంచాయతీ ఆజ్ఞాపింపరాదు. సలహా చెప్పవచ్చును, సదుపాయము కలిగింపవచ్చును.

(1) గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, మైకులో అంకెలు చదువు అలవాటును మానుమని కోరవచ్చును. పేరును, ఆశీస్సును మాత్రము చదివినచో చాలును. సభ్యులు ముందుగా తమ ఇండ్ల శుభకార్యములలో ఆచరించి చూపవలెను. పెద్దలు ఆచరింపని మాట పిల్లలకు పట్టదు.

(2) పైన చెప్పిన మాదిరి పట్టీలను అచ్చువేయించి పంచాయతీ కార్యాలయమున ఉచితముగా ఉంచవచ్చును. శుభలేఖ ఇచ్చుటకు వచ్చిన ఇంటివారికి రెండు కాగితములిచ్చి, ఒకటి వధువుకు, ఒకటి వరునికి అని చెప్పిన చాలును.

(3) స్త్రీల పొదుపు సంఘములచేత తాంబూలపు సంచులు, అడ్డుతెరలు, బాసికములు, విసనకఱ్ఱలు తయారుచేయించినచో పట్టణపు బజారుకు పోవు సొమ్ము ఊరిలోనే నిలుచును. చేతికి తీరిక లేనివారు అక్కడ కొనవచ్చును. ముడిసరకు ఇచ్చి చేయించుకొనవచ్చును.

(4) పాఠశాల ఉపాధ్యాయుల సాయముతో పెండ్లిపాటలను వ్రాయించి ఒక ప్రతిని గ్రంథాలయమున భద్రపరుపవచ్చును.

(5) వధువుకు 18, వరునికి 21 సంవత్సరములు నిండని పెండ్లికి ఏ కానుకయు తగదు. అట్టి పెండ్లి సంగతి తెలిసిన సభ్యుడు కానుకతో పోవుట కాక, దానిని ఆపుటకు అధికారులకు తెలియజేయవలెను.

ఈ పద్ధతులు హిందువుల పెండ్లిండ్లకే పరిమితములు కావు. ముస్లిముల నిఖాకు, క్రైస్తవుల వివాహమునకు, పుట్టినరోజులకు, గృహప్రవేశములకు ఇవి సమానముగ వర్తించును. ఆచారములు వేరైనను, ఇచ్చువాని స్తోమతకు మించని కానుక, పుచ్చుకొన్నవారికి హక్కునిచ్చు కాగితము అందరికిని అవసరమే.

6. ఆలోచింపదగిన ప్రశ్నలు

(క) మీ గ్రామమున చదివింపుల పుస్తకము పెండ్లి పిమ్మట ఎవరియొద్ద నుండుచున్నది? వధువు వద్ద దాని ప్రతి కలదా?
(చ) గత సంవత్సరము చదివింపుల కొరకు అప్పుచేసిన కుటుంబములు మీ వార్డులో కలవా? వారిని నొప్పింపక తెలిసికొనుట ఎట్లు?
(ట) మీ యూరిలో పెండ్లిపాటలు వచ్చిన వృద్ధులెవరు? వాని నెవరు వ్రాసికొనుచున్నారు?
(త) రాబోవు ముహూర్తములలోపల మీ పంచాయతీ పట్టీ కాగితములను సిద్ధపరుపగలదా?

ఈ ప్రశ్నలకు సమాధానములను వచ్చు సమావేశమునకు ముందు ప్రతి సభ్యుడు తన వార్డులో విచారించి వ్రాసికొని రావలెను. మొదటి ప్రశ్నతో ఆరంభించుట మేలు. దానికి ఖర్చు లేదు. నలుగురు తల్లులను అడిగిన చాలును.