ఒప్పందం చివర్లో రాసుకోండి: అనంతపురంలో ఐటీఐనీ ఫ్యాక్టరీనీ కలపడం ఎలా?

2017 ఏప్రిల్‌లో కియా కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. 2019 ఆగస్టులో పెనుకొండ మండలం ఎర్రమంచిలోని ఫ్యాక్టరీ నుంచి తొలి సెల్టోస్ బయటికొచ్చింది. మధ్యలో గడిచింది ఇరవై ఎనిమిది నెలలు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. పేపర్లో ఆ వార్త చూసి అదే ఏడు ఐటీఐలో చేరిన పిల్లవాడి చదువు ముగిసేసరికి ఇక్కడ కార్లు తయారవడం మొదలైపోయింది. ఫ్యాక్టరీ వచ్చాక సిలబస్ సంగతి చూద్దాంలే అనుకోవడం, వాన పడ్డాక విత్తనం శెనక్కాయల కోసం తిరగడం లాంటిదే. కియా విషయంలో రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కల్పించుకుని కొంత శిక్షణ ఇప్పించింది. ప్రతి కాలేజీకీ ప్రతి వర్క్‌షాపుకూ మధ్య ప్రభుత్వమే వచ్చి కూర్చోదు కదా. ఐటీఐ ప్రిన్సిపల్‌గానో, పాలిటెక్నిక్‌లో ప్లేస్‌మెంట్ పని నెత్తిన పడ్డ లెక్చరర్‌గానో మీరే కదలాలి. ఈ పని ఇంతవరకూ చేయనివాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాం.

మొదట: గంట ప్రయాణంలో ఏముంది?

మీ కాలేజీ నుంచి బస్సులో గంటలో చేరగలిగిన పనిచోట్లన్నీ ఒక కాగితం మీద రాయండి. తాడిపత్రి వైపైతే ఉక్కు, సిమెంటు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు. హిందూపురం వైపు తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడలు. పెనుకొండ చుట్టూ కారు విడిభాగాల కంపెనీలు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్లు, ధర్మవరంలో మగ్గాలు, రామగిరి కొండల మీద గాలిమరలు, నంబులపూలకుంటలో సోలార్ పార్కు. పెద్ద కంపెనీ ఒక్కటి చాలు. మిగతావి ఇరవై ముప్ఫై మంది పనిచేసే చిన్నవి ఉండేలా చూసుకోండి. పెద్ద కంపెనీ గేటు దగ్గర మీకంటే ముందు పది కాలేజీలు నిలబడి ఉంటాయి. చిన్న వర్క్‌షాపు యజమాని దగ్గరికి మాత్రం ఇంతవరకూ ఏ కాలేజీ వాళ్లూ వచ్చి ఉండరు.

ఒక జాగ్రత్త: 2022 ఏప్రిల్ నుంచి పెనుకొండ, హిందూపురం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఏ కాగితం ఏ జిల్లా ఆఫీసుకు వెళ్లాలో ముందే కనుక్కుంటే నెల రోజుల తిరుగుడు తప్పుతుంది.

తర్వాత: హెచ్‌ఆర్‌ను కాదు, సూపర్‌వైజర్‌ను అడగండి

హెచ్‌ఆర్ అధికారి "మంచి స్కిల్ ఉన్న పిల్లలు కావాలండీ" అంటారు. ఆ మాటతో మీకు ఒరిగేదేమీ లేదు. లోపల మిషన్ దగ్గర నిలబడే సూపర్‌వైజర్‌ను ఒకటే అడగండి: "కొత్తగా వచ్చిన పిల్లవాడు మొదటి నెలలో ఏ పని చేయలేక మీ ప్రాణం తీస్తాడు?" జవాబులు చకచకా వస్తాయి. వెర్నియర్ పట్టుకుని కొలత చదవలేడు. డ్రాయింగ్ చూసి ఏ బోల్టు ఎక్కడిదో చెప్పలేడు. మోటారు కాలిపోతే కొత్తది బిగిస్తాడు గానీ అది ఎందుకు కాలిందో చూడడు. ఎత్తు ఎక్కేటప్పుడు బెల్టు కట్టుకోడు. వీటన్నిటినీ ఆయన మాటల్లోనే రాసుకోండి.

ఆ జాబితాను సిలబస్ పక్కన పెట్టి చూడండి. చాలా వరకు సిలబస్‌లో ఉన్నవే ఉంటాయి. మిషన్ రిపేరులో ఉండో, వెల్డింగ్ రాడ్లకు డబ్బు లేకో, అవి చేతితో చేయించకుండా నోటితో చెప్పి దాటేసి ఉంటారు. మీరు ఫ్యాక్టరీని అడగాల్సింది అవే: ఆ పనులు చేయడానికి చోటు, మిషన్, పక్కన నిలబడి చూసే మనిషి. కొత్త సిలబస్ అడగాల్సిన పని లేదు.

ఏ దారిన పోవాలి?

కొత్త పథకం కనిపెట్టక్కర్లేదు, ఉన్నవే సరిపోతాయి. చదువు సాగుతుండగానే పిల్లల్ని పంపాలంటే ఐటీఐలకు 2016లో వచ్చిన ద్వంద్వ శిక్షణ విధానం ఉంది. థియరీ మీ దగ్గర, ప్రాక్టికల్ ఫ్యాక్టరీలో. ఏడాది కోర్సులో మూడు నుంచి ఆరు నెలలు, రెండేళ్ల కోర్సులో ఆరు నుంచి పన్నెండు నెలలు అక్కడే గడపవచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమాలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఎలాగూ ఉంది. చాలాచోట్ల అది సర్టిఫికెట్ తెచ్చుకునే తంతుగా మిగిలిపోయింది. ముందు దాన్ని బాగుచేసినా సగం పని అయినట్టే.

చదువు ముగిశాకైతే 1961 నాటి అప్రెంటిస్ చట్టం. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం ముప్ఫై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. అంతకంటే చిన్నవి, నలుగురే ఉన్నా సరే, ఇష్టమైతే తీసుకోవచ్చు. అదే నిబంధనల్లో కనీస స్టైపెండ్ ఐటీఐ పూర్తయినవారికి నెలకు 7,000 రూపాయలు, డిప్లొమా వారికి 8,000. ఇప్పటి రేటు కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో చూసుకోండి. జాతీయ అప్రెంటిస్ ప్రోత్సాహక పథకం కింద ఇందులో నాలుగో వంతు, నెలకు 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. చిన్న యజమానికి ఈ సంగతి తెలియకపోవచ్చు. చెప్పి చూడండి, కాఫీ తెప్పిస్తాడు.

స్థానికులకు 75 శాతం ఉద్యోగాలు ఇవ్వాలని రాష్ట్రం 2019లో చేసిన చట్టంలోనూ మనకు పనికొచ్చే అంశం ఉంది. తగినవారు దొరక్కపోతే, ప్రభుత్వ సహకారంతో మూడేళ్లలో స్థానికులకు శిక్షణ ఇచ్చి తీసుకోవాలంటుంది. ఆ చట్టంపై హైకోర్టులో సవాలు పడింది. దాన్ని చూపించి బెదిరించకండి, మాట కలపడానికి వాడుకోండి.

అసలు చిక్కు: బస్సు, షిఫ్టు, గది

శిక్షణలు మధ్యలో ఆగిపోవడానికి సిలబస్ కంటే ఇవే పెద్ద కారణాలని నా అభిప్రాయం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా పడే వాన మీద బతికే ఇల్లు ఎన్నో నెలలు ఎదురుచూడలేదు. బెంగళూరులో హోటల్లోనో సెక్యూరిటీ పనిలోనో చేరితే నెల తిరిగేసరికి డబ్బు చేతికొస్తుంది, తినడానికీ పడుకోవడానికీ ఏదో ఏర్పాటు ఉంటుంది. స్టైపెండ్ 7,000లో గది అద్దె, మెస్ పోతే ఇంటికి పంపడానికి ఏం మిగులుతుందో పిల్లవాడి పక్కన కూర్చుని లెక్క వేయండి. లెక్క తేలకపోతే కంపెనీ క్యాంటీన్‌లో భోజనం, కంపెనీ బస్సులో సీటు అడగండి. స్టైపెండ్ పెంచమంటే తల అడ్డంగా ఊపే యజమాని వీటికి సులువుగా ఒప్పుకుంటాడు.

రెండో షిఫ్టు ముగిసేసరికి పల్లెకు పోయే ఆఖరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. ఆడపిల్లల్ని పంపేముందు మీరే స్వయంగా ఆ వేళకు వెళ్లి చూడండి, మరుగుదొడ్డితో సహా. తల్లిదండ్రుల్ని ఒక ఆదివారం ఫ్యాక్టరీకి తీసుకెళ్లి చూపించండి. శెనక్కాయ పీకే నెలల్లో ఇంట్లో చేతులు కావాలి. కొత్త బ్యాచ్‌ను అప్పుడు మొదలుపెట్టకండి.

చిన్నవాళ్లను కలపండి

ఒక్క వెల్డింగ్ షాపు ఒక పిల్లవాడికి అన్నీ నేర్పలేదు. నాలుగు షాపులు కలిస్తే నేర్పగలవు. ఇక్కడ మూడు నెలలు, అక్కడ మూడు నెలలు తిప్పవచ్చు. పలువురు యజమానులు కలిసి శిక్షణ ఇవ్వడానికి అప్రెంటిస్ చట్టమే వీలిచ్చింది. జర్మనీలోనూ చిన్న వర్క్‌షాపులు తమ దగ్గర లేని మిషన్లపై పని నేర్పడానికి ఉమ్మడి శిక్షణ కేంద్రాలకు పంపుతాయి. పరీక్ష పెట్టేది అక్కడి వాణిజ్య, చేతివృత్తుల మండళ్లు. మన దగ్గర ఆ మండళ్ల పాత్రకు పారిశ్రామికవాడ సంఘం అధ్యక్షుడితో మొదలుపెట్టవచ్చు.

ఇప్పుడు సంతకం

ఒక్క పేజీ చాలు. ఏ పనులు నేర్పుతారు, ఎవరు నేర్పుతారు (పేరుతో సహా), ఎన్ని గంటలు, స్టైపెండ్ ఏ తేదీన పడుతుంది, దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది. బండల పాలిష్ ఫ్యాక్టరీ అయితే దుమ్ము ఆపే మాస్కు, సోలార్ అయితే బెల్టు, గ్లౌజులు కూడా రాయండి. అప్రెంటిస్ కాంట్రాక్టు పోర్టల్‌లో నమోదు కావాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారి తరఫున తల్లో తండ్రో సంతకం పెట్టాలి. "అవకాశాన్ని బట్టి ఉద్యోగం" అనే వాక్యం కనబడితే కొట్టేసి, ఎంతమందిని ఏ జీతానికి తీసుకుంటారో రాయమనండి. ఒప్పుకోకపోతే ఆ వాక్యమే వద్దు, పిల్లల్లో లేనిపోని ఆశ పెట్టకూడదు.

తొలి బ్యాచ్‌కు ఆరేడుగురు మించకండి. పదిహేను రోజులకోసారి మీ ఇన్‌స్ట్రక్టర్ వెళ్లి సూపర్‌వైజర్ చెప్పిన జాబితాలో ఏవి వచ్చాయో టిక్ పెట్టుకుని రావాలి. బ్యాచ్ ముగిశాక ఫోన్ చేయాల్సింది మధ్యలో మానేసిన పిల్లలకు. ఎందుకు మానేశారో ఒక్కొక్కరినీ అడిగి రాసుకోండి. రెండో బ్యాచ్‌కు ఫ్యాక్టరీతో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు ఆ కాగితం జేబులో ఉండాలి.