చెరువు పడవకు బ్యాటరీ మోటారు – బరువు ముందుకు, తీగ లావుగా



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములో చెరువు నిండిన యేడు మడికి నీరు, వలకు చేప. ఇక్కడివారు తెప్ప మీదనో, పుట్టిలోనో తెడ్డు వేసికొని వల వేయుట వాడుక. ఫైబరు పడవ గలవారు కొందరు దానికి బ్యాటరీతో నడచు చిన్న మోటారు బిగించుట యెట్లని అడుగుచున్నారు. ఇందులో పొగ లేదు, చప్పుడు తక్కువ, నీటిలో నూనె పడదు. అయితే బిగింపులో పొరపాటు జరిగినచో డబ్బుతోపాటు ప్రాణమునకు కూడ ముప్పు.

గత ఎండాకాలములో ఒక చెరువు గట్టున నేను చూచిన సంగతి చెప్పెదను. మోటారు, బ్యాటరీ, మనిషి – మూడు బరువులును పడవ వెనుకనే ఉన్నవి. ముందు కొన పైకి లేచినది. వెనుక పలక అంచు నీటికి జానెడెత్తు కూడ లేదు. ఆ సోదరుడు బ్యాటరీని ముందుకు జరిపి, తీగ చాలక, ఇంటిలో మిగిలిన సన్నని తీగను మెలివేసి టేపు చుట్టినాడు. పడవ సమముగా నిలిచినది గాని, నడి చెరువులో మోటారు బలము తగ్గి, అతుకు కాలి పొగ వచ్చినది. తెడ్డు ఉన్నందున ఒడ్డు చేరినాడు. బరువు ముందుకు జరిపినప్పుడు తీగ పొడవగును. తీగ పొడవైనప్పుడు లావు పెంచవలెను. ఈ లెక్క మరువరాదు.

మోటారు ఎక్కడ?

వెనుక పలకకు సరిగా నడుమ బిగించవలెను. పక్కకు బిగించినచో పడవ ఒక వైపునకే తిరుగుచుండును. పంకా నీటి మట్టమునకు సుమారు అడుగు లోతున ఉండవలెను. పైకి ఉన్నచో గాలిని పీల్చి, నురుగు చేయునే గాని పడవను నెట్టదు. మరలు బిగించిన తరువాత కూడ మోటారును తాడుతో పడవకు కట్టుడు. గుండ్రని పుట్టికి, థర్మాకోల్ తెప్పకు ఈ మోటారు బిగించవద్దు.

బ్యాటరీ ఎక్కడ?

100 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీ సుమారు 30 కిలోలుండును. నడుపువాడు వెనుక కూర్చుండును గనుక, బ్యాటరీని పడవ నడిమికి కొంచెము ముందుగా, మూత గల ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి పట్టీతో కట్టవలెను. తడి వల, చేపలు ఎక్కిన తరువాత పడవ ఎట్లుండునో కూడ ముందే చూచుకొనుడు.

తీగ ఎంత లావు?

సన్నని తీగతో బోరు మోటారు వేడెక్కి చెడుట మీరెరిగినదే. ఇక్కడ ఒత్తిడి 12 వోల్టులే గనుక, ఒక వోల్టు పోయినను నష్టము పెద్దది. మోటారు 30 ఆంపియర్లు తీసికొనును, బ్యాటరీ 3 మీటర్ల దూరములో ఉన్నది అనుకొందము. పోను రాను తీగ 6 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో దాదాపు 1.26 వోల్టులు, అనగా పదవ వంతు, వేడిగా పోవును. 10 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోవునది 0.32 వోల్టు మాత్రమే. పెద్ద మోటారుకు ఇంకను లావు తీగ కావలెను. మోటారుతో వచ్చిన సూచనల కాగితమే ప్రమాణము.

ఫ్యూజు, అతుకులు

బ్యాటరీ ప్లస్ కొన నుండి జానెడు లోపలనే ఫ్యూజు ఉండవలెను. పైన చెప్పిన తీగకు 50 ఆంపియర్లది సరిపోవును. ఇండ్లలో బిగించు ఎ.సి. ఎం.సి.బి. పనికిరాదు, డి.సి. కొరకు చేసినదే కొనుడు. 12 వోల్టుల షాకు భయము అంతగా లేదు. ప్లస్, మైనస్ తగులుకొన్నచో పుట్టు నిప్పే అసలు భయము. తీగ కొనలకు రాగి లగ్గులు నొక్కించి, మరలు బిగించి, పైన వాజలైను రాయుడు. మెలివేసిన అతుకు వద్దు. తగిలించునప్పుడు ప్లస్ ముందు, తీయునప్పుడు మైనస్ ముందు.

ఒడ్డున పరీక్ష

పడవను గట్టుకు కట్టి, మోటారును పూర్తి వేగముతో నడుపుచు మల్టీమీటరుతో బ్యాటరీ వద్ద, మోటారు వద్ద వోల్టులు చూడుడు. తేడా అర వోల్టు దాటినచో తీగ సన్నము, లేదా అతుకు వదులు. తరువాత మోటారు ఆపి అతుకులను తాకి చూడుడు. వేడిగా ఉన్నచో సరిచేయక బయలుదేరవద్దు.

చెరువు మీద

బ్యాటరీలో సగమే వాడవలెను. మోటారు ఆపి కొంతసేపు ఉంచిన పిమ్మట 12.2 వోల్టులు చూపినచో సగము అయినట్లే. మెల్లగా నడిపినచో ఎక్కువసేపు వచ్చును. వల వేయుచోట, గుర్రపుడెక్క గలచోట మోటారును పైకెత్తి తెడ్డు వేయుడు. పంకాకు చుట్టుకొన్నది తీయుటకు ముందు మైనస్ తీగ విప్పుడు. చార్జింగు గాలి తగులు చోటనే; దగ్గర బీడీ ముట్టించరాదు, ఆ సమయమున వచ్చు హైడ్రోజన్ వాయువు అంటుకొనును. ఇన్వర్టరు పెట్టి నీటిలో కరెంటు వదలి చేపలు పట్టుట నేరము, ప్రాణాంతకము.

మోటారు కొనుటకు ముందే మీ సంఘము ద్వారా మత్స్యశాఖను, నీటిపారుదల శాఖను కలిసి అనుమతి విషయము తెలిసికొనుడు. లైఫ్ జాకెట్టు తొడిగి, తెడ్డు వెంట ఉంచుకొని బయలుదేరుడు. మోటారు ఆగినను మీరు ఇల్లు చేరవలెను గదా!