చుక్కాని: విప్పుట, సరిచూచుట, తిరిగి కూర్చుట

మన కళాశాలలో ఉర్దూ చదివే విద్యార్థి, తెలుగు చదివే విద్యార్థి పక్కపక్కనే కూర్చుంటారు గాని, తాము వాడే మాటలు ఎక్కడెక్కడ కలుసుకున్నవో తరచుగా గమనించరు. ‘చుక్కాని’ అట్టి మాట. అరబ్బీలో ‘సుక్కాన్’ అనగా ఓడను దారి మళ్ళించే సాధనం. అరబ్బు నావికుల ఓడలతో పాటు ఆ మాట మన తీరాలకు చేరి, తమిళంలో ‘సుక్కాన్’ అని, మలయాళంలో ‘చుక్కాన్’ అని, తెలుగులో ‘చుక్కాని’ అని స్థిరపడినది. చుక్కాని పట్టేవాడు ‘సుక్కానీ’. ఇంగ్లీషు ఓడలవారు ఆ పేరునే ‘సీకనీ’ అని పలికి తమ నౌకా పరిభాషలో చేర్చుకొన్నారు. తరువాత వక్తలూ రచయితలూ ఈ మాటను ఎంతగా అరగదీశారంటే, దేశానికి చుక్కాని, సంస్థకు చుక్కాని, కుటుంబానికి చుక్కాని అని రోజూ వింటున్నాము గాని, అసలు వస్తువు ఎట్లుంటుంది, ఎట్లు చెడిపోతుంది అని అడిగితే జవాబు చెప్పగలవారు తక్కువ. ఈ వ్యాసం ఆ అసలు వస్తువును గూర్చినది. భాషోపాధ్యాయునికి ఈ ఇనుపపని ఎందుకని మిత్రులు అడుగవచ్చు. యంత్ర విషయాలు తెలుగులో చెప్పడానికి వీలుపడదనే మాట విద్యార్థుల నోట తరచు వింటున్నాను. చెప్పి చూడడమే దానికి తగిన సమాధానమని నా అభిప్రాయం.

తెరచాప పడవ చుక్కానిలో ముఖ్యభాగాలు మూడు. నీటిలో మునిగి ఉండే పలక; ఆ పలకను పట్టుకొని పైకి వచ్చే ఇరుసు; ఇరుసు తలకు బిగించిన పిడి. కొన్ని పడవలలో పిడికి బదులు చక్రము, దానికి గొలుసులు, తీగత్రాళ్ళు ఉంటవి. పిడిని ఎడమకు నెట్టితే పలక కుడికి తిరుగుతుంది, పడవ ముక్కు కుడికే మళ్ళుతుంది. కొత్తగా పట్టినవానికి ఇది తలక్రిందుల వ్యవహారంగా తోచి, అరగంటలో అలవాటవుతుంది. గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. నీరు పలకపై వేసే ఒత్తిడి పడవ వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 3 నాట్ల వేగంలో ఉన్న బలం 6 నాట్ల వేగంలో నాలుగింతలు. తుఫానులో అల వీపు మీదినుండి జారే పడవ వేగం ఎంత ఉంటుందో ఊహించుకొంటే, రేవులో తేలికగా తిరిగిన చుక్కాని నడిసముద్రంలో ఎందుకు విరుగుతుందో బోధపడుతుంది.

పలకను పడవకు తగిలించే పద్ధతులలో అన్నిటికన్న పాతది, తలుపును ద్వారబంధానికి బందులతో తగిలించినట్లు, పడవ వెనుక భాగమైన అమరానికి బయటివైపున తగిలించడం. మన బొంబాయిలో టేకుతో కట్టిన 32 అడుగుల ‘సుహైలీ’ చుక్కాని ఇట్టిదే. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్‌లో ఇంగ్లండు నుండి ఆ పడవలో ఒంటరిగా బయలుదేరి, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి, 1969 ఏప్రిల్ 22న తిరిగి చేరినాడు. అట్లు చేసినవారిలో అతడే ప్రథముడు. ఆ పేరులో వినిపించే సుహైల్ ఉర్దూ విద్యార్థులకు పరిచితమైన నక్షత్రమే. తెలుగువారు దానిని అగస్త్య నక్షత్రమంటారు. దారిలో, ఆస్ట్రేలియా దాపున, పడవను దానంతట అదే దారిలో ఉంచే గాలిరెక్క యంత్రం అతనికి పనికిరాకుండా పోయినది. అప్పటినుండి తెరచాపలను తూకంగా అమర్చి, చుక్కాని మీద భారం తగ్గించి పడవ నడుపుకొన్నాడు. చుక్కాని పాడుకాకుండా చూచుకొనే ఉపాయాలలో ఇది మొదటిది. పిడి చేతిని బలంగా లాగుతున్నదంటే తెరచాపలు సరిగా లేవని అర్థం.

రెండవ పద్ధతిలో పడవ అడుగున వెన్నెముక వలె సాగే కీల్ వెనుక అంచుకు పలకను ఆనించి, కింద మడమ వద్ద ఒక కంచు పాదంలో నిలబెడతారు. 1959లో అమెరికాలో వెలువడిన పియర్సన్ ట్రైటన్ దీనికి మంచి ఉదాహరణ. కార్ల్ ఆల్బర్గ్ గీసిన ఈ 28 అడుగుల పైచిలుకు ఫైబర్‌గ్లాసు పడవలు సుమారు 700 తయారైనవి. ఒడలు ఫైబర్‌గ్లాసుదైనా చుక్కాని పలక మాత్రం కొయ్యదే: మహాగని చెక్కలను కంచు కడ్డీలతో ఒకదానికొకటి కూర్చినది. మూడవ పద్ధతిలో పలక ఏ ఆధారమూ లేకుండా ఇరుసు నుండి పార వలె వేలాడుతుంది. 1963 నాటి కాల్ 40 పడవతో దీనికి ప్రచారం వచ్చినది. ఇది చురుకైనది, కాని బరువంతా ఇరుసొక్కటే మోయవలె. 2018లో పునరుద్ధరించిన గోల్డెన్ గ్లోబ్ పందెంలో, 1988కి ముందు రూపకల్పన జరిగి, చుక్కాని కీల్ వెనుక అంచుకు తగిలి ఉన్న పడవలనే అనుమతించడం ఊరక పెట్టిన నియమం కాదు. 2022లో మొదలైన అదే పందెంలో భారత నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టోమీ 2023 ఏప్రిల్‌లో రెండవ స్థానంలో గమ్యం చేరినది ఇట్టి పడవలోనే.

పాతదంతా గట్టిదనీ కొత్తదంతా బలహీనమనీ నేను చెప్పబోవడం లేదు. 1979 ఆగస్టులో ఇంగ్లండు, ఐర్లండుల నడుమ జరిగిన ఫాస్ట్‌నెట్ పందెంలో 303 పడవలు బయలుదేరినవి. తుఫాను పట్టుకొని 15 మంది పోటీదారులు మరణించారు. 24 పడవలను వదిలిపెట్టవలసి వచ్చినది, అందులో 5 మునిగినవి. తేలికదనం కోసం కార్బన్ నారతో చేసిన కొత్త చుక్కానులు కొన్ని పడవలలో విరిగిపోయినట్లు తరువాతి విచారణలో తేలినది. చుక్కాని కొత్తదైనా పాతదైనా, అది చెడేచోటు కంటికి కనబడని చోటు. కనుక పాత పడవ కొన్నవాడు మొదట చేయవలసిన పని చుక్కానిని విప్పి చూడడం. రంగు వేయడం ఆ తరువాతి మాట.

కంటికి కనబడని చెరుపు ఎట్లు జరుగుతుందో కొంత వివరంగా చెప్పుకొందాము. 1960ల తరువాత వచ్చిన చాలా పడవలలో పలక రెండు ఫైబర్‌గ్లాసు చిప్పలను అతికించి, నడుమ నురుగు పదార్థం నింపినది. స్టెయిన్‌లెస్ ఉక్కు ఇరుసుకు కొన్ని ఉక్కు రేకులు అతికి ఉంటవి. అవే పలకను లోపలినుండి పట్టుకొంటవి. ఎండకూ చలికీ లోహము, రెసిను ఒకే కొలతలో సాగవు, కుంచించుకోవు. కొన్ని సంవత్సరాలకు ఇరుసు పలకలో ప్రవేశించేచోట వెంట్రుకవాసి సందు ఏర్పడి, ఉప్పునీరు లోపలికి దిగుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పుపట్టకపోవడానికి కారణం దాని ఉపరితలాన ఉండే క్రోమియం ఆక్సైడు పొర. ఆ పొర నిలవాలంటే ఆమ్లజని కావలె. పలక లోపల కదలిక లేకుండా నిలిచిన నీటిలో ఆమ్లజని అయిపోతుంది, పొర పోతుంది, ఉక్కు గుంటలు పడి, అతుకుల వద్ద చిట్లుతుంది. బయట నీటిలో 30 ఏళ్ళు మెరుస్తూ ఉండగల లోహం లోపల ఇట్లు తినబడుతుంది. చివరికొకనాడు ఇరుసు తిరుగుతుంది, పలక తిరుగదు. పిడి చేతిలోనే ఉంటుంది. పడవ మాట వినదు.

దీనిని ముందుగా కనిపెట్టడం కష్టం కాదు. పడవ ఒడ్డున ఉండగా ఒకరు పలకను కదలకుండా పట్టుకొనవలె, మరొకరు పిడిని మెల్లగా అటూ ఇటూ తిప్పవలె. పలక నిలిచి ఉండగా ఇరుసు ఏమాత్రం కదిలినా లోపల అతుకు పోయినదన్నమాట. తరువాత చిన్న సుత్తి పిడితో పలకంతా తట్టుతూ పోవలె. ఖణీమన్నచోట గట్టిగా ఉన్నట్లు, బొదబొద అన్నచోట చిప్ప విడిపోయినట్లు లేక నీరు నిండినట్లు. కుండ కొనేటప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చేసే పరీక్షే ఇది. అనుమానం తీరకపోతే పలక అడుగున సన్నని రంధ్రం చేయవలె. కారిన నీరు తేటగా ఉంటే కొంత ఊరట. తుప్పు రంగులో ఉంటే చిప్పను కోసి తెరిచి లోపలి రేకులను చూడక తప్పదు.

విప్పేటప్పుడు కొందరు మొదట మరలు తీసి, తరువాత బరువు సంగతి తలుస్తారు. అది ప్రమాదం. పలక కింద జాకీనో కొయ్యదిమ్మలనో పెట్టి భారం వాటిమీద నిలిచిన తరువాతనే పైన పిడి తల విప్పవలె. ఇరుసు కిందికి దిగవలసి ఉంటుంది కనుక, దాని పొడవుకు సరిపడా పడవను ఎత్తవలె, లేదా చుక్కాని కింద గొయ్యి తవ్వవలె. కీల్‌కు తగిలించిన చుక్కానిలో మడమ పాదం మేకులను తీసి, పలకను బాగా ఒక పక్కకు తిప్పి బయటికి తేవలసి ఉంటుంది. ఇరుసు తలలో చిన్న చీలమేకు ఉంటుంది. పిడికీ ఇరుసుకూ పట్టు అదే. అది ఇసుకలో పడితే దొరకదు. వచ్చిన ప్రతి వస్తువునూ వచ్చిన వరుసలోనే ఒక తీగకు గుచ్చి ఉంచడం మంచి మేస్త్రీల అలవాటు. ఏ బిళ్ళ ఏ ముఖం పైకి ఉన్నదో కూడ గుర్తు పెట్టుకొనవలె. ఛాయాచిత్రం తీస్తే మరీ మంచిది.

విప్పిన తరువాత లోహాలను చూడవలె. ఇత్తడి, కంచు పైకి ఒకే తీరుగా కనబడినా సముద్రంలో వాటి నడవడి వేరు. ఇత్తడిలోని యశదాన్ని ఉప్పునీరు లాగివేస్తుంది. మిగిలిన రాగి గులాబిరంగు తిరిగి, గీకితే పొడి రాలుతుంది. వెనుకటి యజమాని ఎవరో చౌకగా దొరికినదని ఇత్తడి మర వేసి ఉంటే అది ఇక్కడ బయటపడుతుంది. మడమ పాదానికి పాతది ఏ లోహమో అదే లోహపు మేకులు వేయవలె. కంచు పక్కన వేరు లోహం చేర్చితే ఉప్పునీరు ఆ రెంటినీ విద్యుత్ ఘటంగా మార్చి, అందులో ఒకదానిని తినివేస్తుంది. రసాయన శాస్త్ర విద్యార్థులకు ఇది కొత్త పాఠం కాదు.

ట్రైటన్ వంటి కొయ్య పలకలలో ఎండిన తరువాత చెక్కల మధ్య పగుళ్ళు కనబడతవి. వాటిలో గట్టి పూత కూరి నింపాలని చేతులు ఉవ్విళ్ళూరుతవి. అట్లు చేయకూడదు. నీటిలో దిగిన కొయ్య మళ్ళీ ఉబ్బుతుంది. నడుమ గట్టి పదార్థం ఉంటే చెక్కలు ఒకదానినొకటి నెట్టుకొని లోపలి కడ్డీలనే లాగివేస్తవి. సాగేగుణం ఉన్న పదార్థమే అక్కడ తగినది. ఫైబర్‌గ్లాసు పలకకు మాత్రం కావలసినది ఓపిక. లోపలి తేమ పూర్తిగా ఆరడానికి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. ఆరకముందే మూసినవాడు నీటిని లోపల బంధించి మళ్ళీ పాత కథనే మొదలుపెడుతున్నాడు.

ఇరుసు తిరిగే గుండ్రని ఒరల విషయంలో ఒక ముఖ్య సంగతి. పాత పడవలలో నైలాను ఒరలు వేసినవి ఉన్నవి. నైలాను నీటిని పీల్చి ఉబ్బుతుంది. ఒడ్డున సులువుగా తిరిగిన చుక్కాని నీటిలో కొన్ని వారాలుండి బిగుసుకుపోతే కారణం ఇదే కావచ్చు. అసిటాల్ అనే ప్లాస్టిక్ ఇంత పీల్చదు. ఒర ఏదైనా ఇరుసుకూ దానికీ నడుమ స్వల్పమైన ఖాళీ ఉండవలె. మరీ బిగువైతే పట్టివేస్తుంది; మరీ వదులైతే రాత్రంతా టకటకమని కొట్టుకొంటూ ఇరుసును అరగదీస్తుంది.

కూర్చేటప్పుడు మొదటిసారి ఏ జిగురూ పూయకుండా పొడిగా కూర్చి చూడవలె. పలకను పైకెత్తి, ఇరుసును గొట్టంలోకి పంపి, మడమ పాదాన్ని చేత్తో మరలు బిగించి నిలిపి, అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడవలె. ఒకచోట మాత్రమే బిగువుగా ఉంటే ఇరుసు వంగి ఉండవచ్చు. అంతటా బిగువుగా ఉంటే పై ఒర, కింది పాదం ఒకే గీతలో లేవు. మరలు ఇంకా బిగిస్తే సర్దుకొంటుందనే ఆశ ఇక్కడ పనికిరాదు. పాదం కింద పలుచని బిళ్ళ చేర్చి గీత కుదుర్చుకొనవలె. రెండువైపులా సుమారు 35 డిగ్రీల వద్ద అడ్డుకట్టలు ఉండవలె. అంతకు మించి తిప్పినా పలక నీటిని చీల్చదు, అడ్డుపడుతుంది అంతే. అడ్డుకట్ట లేకపోతే వెనుకకు నడిచేటప్పుడు పలక విసురుగా తిరిగి పడవ ఒడలినే కొట్టుతుంది.

అన్నీ కుదిరిన తరువాతనే మళ్ళీ విప్పి, మేకుల చుట్టూ పాలీసల్ఫైడు లేపనం పూసి చివరిగా బిగించవలె. ఎన్నటికీ ఊడని జిగురులు అంగడిలో దొరుకుతవి. వాటిని ఇక్కడ వాడేవారిని చూస్తే నాకు చిరాకు. పదేళ్ళ తరువాత దీనిని మరొకరు విప్పవలసి ఉన్నది గదా. గొట్టం పైన నీరు రాకుండా అమర్చే గ్లాండులో ప్యాకింగు తాడును చుట్టలు చుట్టలుగా పెట్టక, విడివిడి ఉంగరాలుగా కత్తిరించి, ఒకదాని అతుకు పైన మరొకదాని అతుకు రాకుండా పేర్చవలె. పిడి తలను బిగించేముందు పలక సరిగ్గా నడుమ ఉన్నప్పుడు పిడి కూడ నడుమనే ఉన్నదా అని చూచి, చక్రమున్న పడవలో ఆ నడిమి ఆకుకు ఒక దారం చుట్టి గుర్తు పెట్టవలె. చీకటిలో చేతికి తగిలే ఆ దారం చాలా పనిచేస్తుంది. చక్రపు తీగ తెగితే ఇరుసు తలకు నేరుగా తగిలించే అత్యవసర పిడి పడవలో ఉన్నదని, అది ఆ తలకు నిజంగా పడుతున్నదని ఒడ్డున ఉండగానే తగిలించి చూడవలె.

పడవ నీటిలో దిగిన వెంటనే గ్లాండు వద్ద దీపం పట్టి చూడవలె. తడి కనబడితే మరను పావుచుట్టు మాత్రమే తిప్పి, పిడి బరువెక్కినదా అని పరీక్షించి, మళ్ళీ చూడవలె. వారం రోజుల ప్రయాణం తరువాత ప్యాకింగు సర్దుకొని కొంత వదులవుతుంది. అప్పుడు ఇంకొక పావుచుట్టు.