కంచెలోని కాఫీ మొక్క



మన మారిషస్‌కు తూర్పున సుమారు 600 కిలోమీటర్ల దూరంలో, సముద్రం నడుమ, రోడ్రిగ్స్ అనే చిన్న ద్వీపం ఉన్నది. అది మన దేశంలోని భాగమే. దాని వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మీలో కొందరు సెలవులలో అక్కడికి వెళ్ళి తేనె, మిరపకాయల పచ్చడి తెచ్చుకొని ఉంటారు. ఈ పాఠం ఆ ద్వీపపు నేలను గురించినది.

1980 ప్రాంతంలో అక్కడి ఉపాధ్యాయుడొకరు తన తరగతిలో ఒక మొక్క బొమ్మను చూపించారు. దాని పేరు కఫే మారోన్. కాఫీ కుటుంబానికి చెందిన ఈ పొద తెల్లని పూలు పూస్తుంది. రోడ్రిగ్స్‌లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. అది అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు అప్పటికే నిర్ణయించారు. బొమ్మను చూసిన ఒక బాలుడు అటువంటి మొక్కను తాను చూశానని చెప్పాడు. పరీక్షించగా అది నిజమేనని తేలింది. ద్వీపమంతటిలో మిగిలినది ఆ ఒక్క మొక్కయే. పశువులు కొరికి, పురుగులు పట్టి, దారి పక్కన ఎలాగో బ్రతికి ఉన్నది.

ఇక్కడ ఒక మాట. 'మారోన్' అనే పదాన్ని మీరు చరిత్ర పాఠంలో విన్నారు. తోటల నుండి పారిపోయి కొండలలో దాగిన బానిసలను ఆ పేరుతోనే పిలిచేవారు. అడవి మొక్కకు కూడా అదే పేరు పెట్టారు. తోట కూలీల వంశంలో పుట్టిన నాకు ఆ పేరు విన్నప్పుడల్లా ఆ కొండలే కనిపిస్తాయి.

ఆ నేలకు అటువంటి స్థితి ఎందుకు వచ్చింది? 1691లో ఫ్రాన్స్వా లెగా అనే యాత్రికుడు రోడ్రిగ్స్‌లో దిగినప్పుడు అక్కడ అడవి ఉన్నది. పెద్ద తాబేళ్ళు ఎంత దట్టంగా ఉండేవంటే, నేల మీద కాలు పెట్టకుండా వాటి వీపుల మీదుగా నూరు అడుగులకు మించి నడవవచ్చునని ఆయన వ్రాశారు. తరువాత వచ్చిన ఓడలవారు మాంసం కోసం వాటిని పట్టుకొనిపోయారు. చెట్లను నరికారు, కాల్చారు. ఆవులు, మేకలు లేత మొక్కలను మేసివేశాయి. చెట్ల వేళ్ళు లేని వాలు నేల మీద తుఫాను వాన పడితే ఏమవుతుంది? పై మట్టి కొట్టుకొనిపోయి సముద్రపు మడుగులో కలుస్తుంది. అప్పుడు రైతుకు మట్టి పోతుంది, చేపలు పట్టేవానికి స్వచ్ఛమైన నీరు పోతుంది.

కఫే మారోన్ దొరికిన వార్త ఊరంతా ప్రాకింది. అది మందు మొక్క అని పెద్దలు నమ్మేవారు. జనం వచ్చి కొమ్మలు విరుచుకొని పోసాగారు. చుట్టూ కంచె వేశారు. అయినా చేతులు లోపలికి వచ్చాయి. 1986లో ఒక కొమ్మను లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి విమానంలో పంపగా, అది అక్కడ వేళ్ళూనింది. ఏళ్ళ తరబడి పూలు పూసినా కాయ కాయలేదు. 2003లో అక్కడి ఒక తోటమాలి ఎంతో ఓర్పుతో పరాగ సంపర్కం చేయించి విత్తనం రాబట్టారు. ఆ విత్తనాల సంతతి తిరిగి రోడ్రిగ్స్‌కు చేరింది.

విద్యార్థులారా, ఆ కొమ్మలు విరిచినవారిని దొంగలని అనకండి. వారికి ఆ మొక్క మందు. పేద కుటుంబానికి మేక అంటే బ్యాంకు వంటిది. పిల్లలకు బడి పుస్తకాలు కొనవలసి వస్తే మేకను అమ్ముతారు. అటువంటి వారిని కంచె బయట నిలబెట్టి అడవిని పెంచడం ఎవరి తరం?

గ్రాండ్ మోంటాన్ అనే కొండ మీద జరిగిన పని చూడండి. జామ్రోజా వంటి పరదేశపు చెట్లు అక్కడ ఎంత చిక్కగా అల్లుకొన్నాయంటే, వాటి నీడలో మరొక మొలక లేవలేదు. వాటిని తీసివేసి స్థానిక మొక్కలను నాటినవారిలో ద్వీపవాసులు, బడి పిల్లలు ఉన్నారు. నాటడం ఒక్క రోజు పని. కలుపు తీయడం ఏళ్ళ పని. ఆ నేలకు చెందిన వాక్వా చెట్టును మీరు మొగలి జాతిగా గుర్తించగలరు. దాని ఆకులతో బుట్టలు, చాపలు, టోపీలు అల్లుతారు. అల్లేవారికి ఆ చెట్టు బ్రతకడం అవసరం. మరొక విచిత్రం వినండి. ఆ ద్వీపంలో విపరీతంగా వ్యాపించిన పికాన్ లూలూ అనే ముళ్ళ చెట్టు, మన పూర్వికుల నాటిలోని నల్లతుమ్మయే!

ఫోడీ అనే పసుపు పచ్చని పిట్టలు 1968లో ఐదారు జంటలు మాత్రమే మిగిలాయి. నేడు వేలకొలది ఉన్నాయి. నిజం చెప్పాలి కనుక చెబుతున్నాను: నీటి ఊటలను కాపాడడానికి నాటిన పరదేశపు చెట్లు కూడా ఆ పిట్టలకు గూడు ఇచ్చాయి.

మా పొరపాటు ఒకటి చెప్పవలసి ఉన్నది. చాలా కాలం క్రితం నేను పని చేసిన ఒక బడిలో, ఒక కాలువ గట్టు మీద నలభై స్థానిక మొక్కలను నాటించాము. ఛాయాచిత్రం తీయించుకొన్నాము. ఆ గట్టు మీద గడ్డి కోసుకొనే ఇరుగుపొరుగు వారిని ఒక్క మాట అడగలేదు. ఆరు నెలల తరువాత బడి పేరు వ్రాసిన పలక ఒక్కటే మిగిలింది. ఒక వృద్ధురాలు నాతో, "ఏం నాటారో మాకు తెలియదు అయ్యా, గడ్డితో పాటే కోసేశాము" అన్నది.

మా తాతగారు ఉపాధ్యాయ శిక్షణ పొందలేదు. చెరకు తోట కాంపులో ఉండేవారు. చెరకు కొట్టిన తరువాత, కొత్త పిలకలు ఎదిగే లోపల, వరుసల నడుమ బంగాళాదుంపలు, చిక్కుడు, మొక్కజొన్న వేసేవారు. ఎండు చెరకు ఆకును కాల్చకుండా నేల మీద పరచేవారు. ఆ ఆకు తేమను నిలుపుతుంది, వాన దెబ్బకు మట్టి కదలకుండా కాపాడుతుంది. చిక్కుడు వేళ్ళలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. దీనిని ఇప్పుడు పర్యావరణ వ్యవసాయం అంటున్నారు. ఆయన దానిని వంటకు కూర అనేవారు.

అభ్యాసం: వచ్చే సోమవారం లోపల మీ ఇంటికి దగ్గరగా ఉన్న ఖాళీ నేలను ఒకదానిని చూసి రండి. అక్కడ గడ్డి కోసేవారు, పశువులను మేపేవారు, ఆకులు కోసుకొనేవారు ఎవరో అడిగి తెలుసుకొనండి. ఏ చెట్టు ఉంటే వారికి ఉపయోగమో వారి మాటలలోనే తెలుగులో పది వాక్యాలు వ్రాయండి. క్రియోల్‌లో చెప్పిన మొక్కల పేర్లను అలాగే తెలుగు లిపిలో వ్రాయవచ్చును. మొక్కలను మాత్రం ఇప్పుడే నాటకండి. ముందు ఆ వాక్యాలను తరగతిలో చదువుదాము.