లారీకి పలువన్నెలు దిద్దుట

తమిళనాడునందలి నామక్కల్ పట్టణము లారీల బాడీలు కట్టుటకు ప్రసిద్ధి. అట్టి లారీలమీది పలువన్నెలను నిలుపునది కంటికి కానరాని అడుగుపూతయే.

మొదట ఇనుపరేకుమీది త్రుప్పును గరుకుకాగితముతో గీకి, జిడ్డు తుడిచెదరు. త్రుప్పుమీద వేసిన రంగు పొక్కులెత్తి రాలిపోవును. పిమ్మట రెడ్ ఆక్సైడ్ ప్రైమరు పూసెదరు. అది తేమను ఇనుమునకు తగులనీయదు. గుంటలను లప్పముతో పూడ్చి నునుపు చేసెదరు.

లేతరంగును ముందు వేసి, అది బాగుగా ఆరిన పిదప, లేతగా నిలువవలసిన చోట్ల టేపు అంటించి, ముదురురంగు వేసెదరు. ఏలయనగా ముదురురంగు లేతదానిని సులభముగా కప్పును. లేతది ముదురుదానిని అంత సులభముగా కప్పదు. తడియారకముందే టేపు అంటించినచో, తీయునపుడు రంగుకూడ ఊడివచ్చును.

మాతృభాషలో గుణింతము కుదురకముందే బిడ్డలను పరభాషలకు త్వరపెట్టు తల్లిదండ్రులకు మేము ఈ అడుగుపూతను జ్ఞప్తిచేయుచున్నాము.